మూడో సిలిండర్ చప్పుడు

ఫ్రైబర్గ్,
12 జనవరి 2025

రాజ్యశ్రీ అత్తయ్యకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన పులిహోర లైప్‌చిగ్ దాకా కూడా రాలేదు. ఎదురు సీటులో కూర్చున్న ముసలావిడ వాసన బాగుందంటే ఆవిడకీ ఇంత పెట్టాను. ఇక్కడ మంచు బాగా పడింది. నా గదిలో హీటర్ సగమే వేడెక్కుతోంది, ఇంటి ఓనరుకి మెయిల్ మీద మెయిల్ కొడుతున్నాను. మీటె, అదే అద్దె, మాత్రం ఒకటో తారీఖున పూర్తిగా కావాలి మహానుభావుడికి.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు, మెసేజ్ పెడితే చూడరు. అందుకే కాగితం పట్టాను. క్రిస్మస్ సెలవుల్లో మీ దగ్గర ఉన్నన్ని రోజులూ ఒక మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని కదా అని మింగాను. ఇంక మింగలేను.

రోజూ పొద్దున్నే షెడ్ తలుపు తీసి ఆ ముసలి ట్రాక్టర్ని ఎందుకు స్టార్ట్ చేస్తారు? చలికాలం, పొలంలో పనేమీ లేదు. కాసేపు తెల్లపొగ కక్కించి, ఆపేసి, మళ్ళీ తలుపు వేసేస్తారు. మామయ్య పైజమా మీద కోటు తగిలించుకొచ్చి ఆ పొగలోనే నిలబడతారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది అత్తయ్యా. ఇక్కడ శనివారం సంతలో మా మరమ్మతు సంఘం బల్ల వేస్తుంది. వాళ్ళ కరపత్రాలన్నీ చదివాను, జర్మన్‌వి కూడా డిక్షనరీ పెట్టుకుని. ఒక వస్తువుని బాగుచేసుకోకుండా పారేయడం ఎంత తప్పో, పని లేకుండా నడిపి అరగదీయడం అంతే తప్పు. మీరిద్దరూ చదువుకున్నవాళ్ళు. ఎవరో ఒకరు మీకు చెప్పాలి కదా.

పైగా ఆ ఇంజన్ ఆరోగ్యంగా లేదు. టక్, టక్, టకా. టక్, టక్, టకా. మూడోది ఎప్పుడూ కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా. నేను పడుకున్న గదిలోకి కూడా వినిపించేది. మీకు వినిపించడం లేదా, లేక వినీ ఊరుకుంటున్నారా?

కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా జవాబు రాయండి.

మీ మేనకోడలు,
మనోజ్ఞ


బ్రెమెన్ దగ్గర, ఇంటి నుంచి,
21 జనవరి

చిరంజీవి మనోజ్ఞకి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం పోస్టుపెట్టెలో చూసి భయపడ్డాను, ఏ ఆఫీసువాళ్ళు ఏం అడుగుతున్నారో అని. చేతిరాత మీ నాన్నది దిగింది నీకు. కోపం కూడా వాడిదే.

నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే ఇంకో ఉత్తరంలో ఇంకా నాలుగు తిడతావు కాబట్టి చెబుతున్నాను. మీ నాన్నకి మాత్రం రాయకు. ఇంకా మన వాళ్ళెవరికీ తెలియదు.

మామయ్యకి మతి జారిపోతోంది తల్లీ. మూడేళ్ళయింది డాక్టరు జబ్బుకి పేరు పెట్టి. నువ్వున్నప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడలేదని నువ్వు గమనించే ఉంటావు. నిన్ను 'బాగున్నావా అమ్మా' అని అడిగారే గానీ పేరు పెట్టి పిలిచారా? నన్ను కూడా అంతే. అన్నం పెడితే, 'మీరెవరమ్మా, వంట బాగా చేశారు' అంటారు. పొద్దున వచ్చి ఆయనకి స్నానం చేయించే నర్సుకీ నాకూ ఆయన లెక్కలో తేడా లేదు. ఆవిడ మీద గౌరవం కాస్త ఎక్కువేమో కూడా.

కానీ ఆ బండి స్టార్ట్ చేస్తే వస్తారు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఆ మూడో చప్పుడు వినగానే లేచి కోటు వేసుకుని షెడ్డులోకి వచ్చి, 'రాజ్యం, ముందు ఇంజన్ హీటర్ మీట నొక్కి పట్టుకోమన్నానా లేదా. తాతగారిని తొందరపెడితే ఆయనకి కోపం' అంటారు. ఆ బండిని ఆయన మొదటి నుంచీ తాతగారు అనే పిలుస్తారు. ఇంజన్ తిరిగినంతసేపూ ఆయన మా ఆయనే. మా నీల్ చిన్నప్పటి సంగతులు కూడా చెబుతారు ఒక్కోసారి. ఆపేశాక కాసేపుండి, మళ్ళీ 'మీరెవరమ్మా'.

ఇప్పుడు చెప్పు. డీజిల్ వృథా అంటావా?

ఆ టకా ఏమిటో కూడా చెబుతాను. నీల్ పుట్టిన ఏడు పక్క ఊరి రైతు దగ్గర కొన్నాం దాన్ని. అప్పటికే ముసలిది. మూడో సిలిండర్ మీద వాల్వుని నొక్కే రాకర్ అరిగిందట. మామయ్య మూత విప్పి చూసి, 'ఇది జబ్బు కాదు రాజ్యం, అలవాటు' అని మూసేశారు. నలభై ఏళ్ళుగా అదే అలవాటు.

ఫోన్ ఎందుకు ఎత్తనంటావా? ఆయన పక్కనే ఉంటారు. ఆయన ముందు కూర్చుని ఆయన గురించి ఎలా మాట్లాడను? ఉత్తరమైతే వంటింట్లో కూర్చుని రాసుకుంటాను. నువ్వూ ఇలాగే రాయి.

గోంగూర కుండీలు వరండాలోకి మార్చాను. బతుకుతాయో లేదో.

రాజ్యశ్రీ అత్తయ్య


ఫ్రైబర్గ్,
30 జనవరి

అత్తయ్యా,

మీ ఉత్తరం లైబ్రరీ మెట్ల మీద చదివాను. లోపలికి వెళ్ళలేకపోయాను. వెనక్కి గదికి వచ్చేశాను.

నేను రాసిన ముక్కలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఎంత డీజిల్ అయినా కాల్చండి. కరపత్రాలు రాసేవాళ్ళకి రాజ్యశ్రీ అత్తయ్య తెలియదు. నాన్నకి చెప్పను, ఒట్టు.

కానీ మీరు చెప్పింది చదివాక నాకు ఇంకో భయం పట్టుకుంది. మామయ్యని మీ దగ్గరికి తెచ్చేది ఆ బండి ఒక్కటే అయితే, ఆ బండికి ఏదైనా అయితే? అది అరవై ఏళ్ళ ఇంజన్. నేను చదివేదే లోహాలు ఎలా అరుగుతాయో, ఎక్కడ విరుగుతాయో. అలవాటు, జబ్బు అని రెండు లేవు అత్తయ్యా, అలవాటే ముదిరి జబ్బవుతుంది. మా సంఘంలో పాత ట్రాక్టర్ల మీద ఒక కరపత్రం ఉంది. అందులో రాశారు: చలిలో స్టార్ట్ చేసినప్పుడు దడదడలాడి వేడెక్కాక సర్దుకుంటే అది డీజిల్ ఇంజన్‌కి మామూలే. సన్నగా టిక్ టిక్‌మంటే వాల్వుల దగ్గర సందు ఎక్కువైనట్టు. అదే లోతుగా, ఇనుముని ఇనుముతో గుద్దినట్టు వచ్చి, బరువు లాగేటప్పుడు ఇంకా పెరిగితే బేరింగ్ పోతున్నట్టు. దాన్ని ఆ క్షణమే ఆపాలి, లేకపోతే ఇంజన్ పగిలిపోతుంది.

అందుకని దయచేసి చూసి చెప్పండి. వేడెక్కాక ఆ టకా తగ్గుతుందా? బరువు లాగితే పెరుగుతుందా? ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడ ఉంటుంది? ఒక పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మూత మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినండి. ఎక్కడ గట్టిగా వస్తే అక్కడే ఉన్నట్టు.

నీల్ బావకి ఇవన్నీ పట్టవా? సొంత కొడుకు బ్రెమెన్‌లోనే ఉండి ఏం చేస్తున్నట్టు?

తొందరగా రాయండి.

మనోజ్ఞ


ఇంటి నుంచి,
11 ఫిబ్రవరి

మనోజ్ఞకి,

నీ పరీక్షలన్నీ రాశాను. మార్కులు వెయ్యి.

వేడెక్కాక టకా ఉంటుంది, పోదు. కానీ తేలికగానే ఉంటుంది. వెనక ట్రాలీ తగిలించి కంపోస్టు ఎరువు లాగించాను, పెరగలేదు. ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఆ స్క్రూడ్రైవర్ సంగతి మాత్రం చెప్పాలి. నేను పిడి చెవిలో దోపుకుని వంగి వింటుంటే మామయ్య వచ్చారు. నన్ను చూసి నవ్వారమ్మాయ్. నవ్వి ఎన్నాళ్ళయిందో. 'చెవిలో కాదు రాజ్యం, చెవి వెనక ఎముక మీద' అని నా చేతిలోది తీసుకుని తన ఎముక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. 'మూడోవాడు మాట్లాడుతున్నాడు. ఏం ఫర్వాలేదు. పాత చప్పుడికి భయపడక్కర్లేదు, కొత్త చప్పుడు వస్తే నన్ను పిలువు' అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ఫ్యాక్టరీలో విమానాల ఇంజన్ల దగ్గర నిలబడే రోజుల్లో ఎలా ఉండేవారో అలా ఉన్నారు.

నీల్ని అనకు. వారం వారం వస్తాడు, మందులు సర్దుతాడు. ఆ బండి చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, నువ్వు చలిలో వెళ్ళక్కర్లేదమ్మా అని ఇంట్లో పెట్టి వినిపించాడు. మామయ్య ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. కాళ్ళ కింద నేల అదరాలి, పొగ వాసన రావాలి, దాంతోపాటు ఆ టకా రావాలి. అన్నీ ఉంటేనే.

కాబట్టి నువ్వు దాని గురించి ఆలోచించకు. దాన్ని ముట్టుకోవద్దు. నీ చదువు నువ్వు చూసుకో తల్లీ, నీకెందుకు ఈ శ్రమ.

ఒక సాయం మాత్రం కావాలి. మార్చి చివర నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్, టెర్మిన్ దొరికింది, అదే తేదీ ఇచ్చారు. ఆ వారం మేమిద్దరం నీల్ ఫ్లాట్‌లో ఉంటాం. నీకు సెలవులేనన్నావు కదా, వచ్చి ఇంట్లో ఉంటావా? కోళ్ళు ఉన్నాయి. క్రిస్మస్‌కి నీకు చేపల పులుసు నచ్చింది కదూ. వద్దు వద్దంటూనే ఎంత తిన్నావో. నువ్వు వద్దన్నప్పుడల్లా వడ్డించాను కాబట్టి తిన్నావు. ఫ్రీజర్లో పెట్టి వెళ్తాను.

అత్తయ్య


ఫ్రైబర్గ్,
22 ఫిబ్రవరి

అత్తయ్యా,

తప్పకుండా వస్తాను. కోళ్ళకి నేనంటే పడకపోయినా వస్తాను.

మామయ్య ఎముక మీద స్క్రూడ్రైవర్ పెట్టుకున్న సంగతి చదివి మా సంఘంలో అందరికీ చెప్పాను, పేర్లు చెప్పకుండా. కెమ్నిట్స్ దగ్గర పాత ట్రాక్టర్లు విప్పి ముక్కలు దాచుకునే పెద్దాయన ఒకాయన వస్తాడు మా దగ్గరికి. మీ బండి ఏ మోడలో చెబితే కళ్ళు పెద్దవి చేశాడు. 'మూడో రాకర్ అరిగితే ఏం కాదులే, చాలా ఏళ్ళు నడుస్తుంది' అన్నాడు. చాలా ఏళ్ళంటే ఎన్నేళ్ళని అడిగాను. భుజాలెగరేశాడు. అదీ వీళ్ళ సంగతి. ఫర్వాలేదు, నడుస్తుంది, చూద్దాం. ప్రపంచమంతా ఈ 'చూద్దాం'తోనే పాడైపోతోంది. ఒక పొద్దున మీరు తాళం తిప్పితే రాకర్ విరిగి వాల్వు కింద పడితే, మామయ్య ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటే, అప్పుడు ఎవరు భుజాలెగరేస్తారు?

మీరు ముట్టుకోవద్దన్నారు. నీకెందుకు శ్రమ అన్నారు. అత్తయ్యా, నేనూ మనింట్లోనే పుట్టాను. మనవాళ్ళు వద్దు అనే మాటకి అర్థం ఏమిటో నాకు తెలియదా? మీరే రాశారు కదా, వద్దన్నప్పుడల్లా వడ్డించానని.

సరే, దాని గురించి ఇంక మాట్లాడను. మీరు వచ్చేసరికి మీకో కానుక ఉంటుంది. ఏమిటని అడగకండి.

కన్ను జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత వంగకూడదంటారు. పొయ్యి దగ్గర పొగలో నిలబడకూడదు కూడా.

మనూ


ఇంటి నుంచి,
14 మార్చి

మనూకి,

తాళం పూలకుండీ కింద, ఎడమ పక్కది. కోళ్ళగూడు సాయంత్రం మర్చిపోకుండా మూయి, నక్క తిరుగుతోంది. గోంగూరలో రెండు మొక్కలు బతికాయి, నీళ్ళు పొయ్యి. బండిని స్టార్ట్ చేయక్కర్లేదు, వినేవారు ఇక్కడ ఉండరు కదా.

ఆ వారం రోజులూ ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు. అది తలుచుకుంటేనే బెంగగా ఉంది. ఒక్క వారమేలే అనుకుంటున్నాను.

నీ కానుకకి ముందే సంతోషం. కేకు అయితే గుడ్లు ఇంట్లోవే వాడు.

అత్తయ్య


మీ వంటింటి బల్ల మీద,
30 మార్చి

అత్తయ్యకి, మామయ్యకి,

మీరు రేపు వస్తారు, నాకేమో రేపు ప్రాజెక్టు చూపించాలి, ఈ సాయంత్రమే రైలు. అందుకే ఈ ఉత్తరం ఇక్కడ పెట్టి వెళ్తున్నాను. కోళ్ళన్నీ ఉన్నాయి, లెక్క చూసుకోండి. పులుసు మొత్తం నేనే తినేశాను.

కానుక షెడ్డులో ఉంది. తాళం తిప్పి చూడండి.

కొత్త రాకర్, దాన్ని కింద నుంచి తోసే కొత్త పుష్ రాడ్ వేశాను. కొత్తవంటే వాడనివి, ఎన్నో ఏళ్ళుగా నూనె కాగితంలో చుట్టి ఆ కెమ్నిట్స్ పెద్దాయన దాచినవి. నా చేతులతో వేశాను అత్తయ్యా. మూత విప్పితే మూడో రాకర్ మొన గిన్నెలా గుంట పడి ఉంది. ఫోటో తీశాను, మా ప్రొఫెసర్‌కి చూపిస్తాను. అన్ని వాల్వుల సందులూ, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాను. మొదటిసారి తాళం తిప్పాను. ఒక్కసారి పొగ కక్కి అందుకుంది. కుట్టుమిషన్లా నడుస్తోంది ఇప్పుడు. టకా లేదు. ఒక్క పిసరు లేదు. ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది. మామయ్య ఇరవై ఏళ్ళు మిమ్మల్ని రాజ్యం అని పిలుస్తారు.

పాత ముక్కలు శనివారం ఊరి చివర రీసైక్లింగ్ దగ్గర ఇనప కంటైనర్లో వేసి వచ్చాను. మీకు ఆ పనీ లేకుండా.

ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

మీ మనూ


ఇంటి నుంచి,
8 ఏప్రిల్

మనోజ్ఞకి ఆశీస్సులు.

కన్ను బాగుంది. రంగులు కొత్తగా కనిపిస్తున్నాయి, మన గోడలు ఇంత పసుపని ఇప్పుడే తెలిసింది. కోళ్ళు క్షేమం.

బండి చాలా బాగా నడుస్తోంది. నువ్వు పడ్డ శ్రమ తెలుస్తోంది. మూత చుట్టూ నూనె మరక కూడా తుడిచావు.

మామయ్యకి కొంచెం నలతగా ఉంది. ఇల్లు మారి వచ్చారు కదా, కొన్నాళ్ళు పడుతుందేమో.

ఒక చిన్న మాట. ఆ పాత ముక్కలు వేసిన కంటైనర్ ఇంకా అక్కడే ఉంటుందా? ఎన్నాళ్ళకి తీసుకెళ్తారో నీకేమైనా తెలుసా? నీల్ని పంపించి చూడమంటాను.

అత్తయ్య


ఫ్రైబర్గ్,
15 ఏప్రిల్

అత్తయ్యా,

బండి గురించి మీరు రాసింది రెండే వాక్యాలు. నేను పేజీలకి పేజీలు వస్తాయనుకున్నాను. సరే, కంటికి శ్రమ అనుకుంటాను.

ఆ పాత ఇనుము ఎందుకు మీకు? నీల్ బావ ఏమైనా అన్నాడా, పాత ముక్కలు కూడా ఉంటే బండికి మంచి ధర వస్తుందని? అమ్మే ఆలోచన ఉంటే నాకు ముందే చెప్పండి, నేనే వచ్చి షెడ్డుకి అడ్డంగా పడుకుంటాను. లేక జ్ఞాపకంగా దాచుకుందామనా? జ్ఞాపకం బండే కదా అత్తయ్యా, అరిగిన ముక్క కాదు. కంటైనర్ వాళ్ళు వారం వారం మారుస్తారని బోర్డు మీద ఉంది. ఈపాటికి కరిగించేసి ఉంటారు.

మామయ్య నలత తగ్గిందా? పొద్దున్నే షెడ్డుకి వస్తున్నారా? ఏమన్నారు, చప్పుడు లేదని మెచ్చుకున్నారా? ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. రాయడం లేదేమిటి?

మనోజ్ఞ


ఇంటి నుంచి,
24 ఏప్రిల్

మనూ,

ఈ ఉత్తరం రాయకూడదని చాలా అనుకున్నాను. నువ్వు అడిగిందానికి అబద్ధం రాయలేక రాస్తున్నాను.

మామయ్య రావడం లేదు.

వచ్చిన మర్నాడు పొద్దున నేను వెళ్ళి హీటర్ పట్టుకుని స్టార్ట్ చేశాను. ఎంత మెత్తగా అందుకుందో. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. రాలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాను. రెండో రోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఇంజన్ ఎదురుగా తిరుగుతోంది. ఆయన దాని ముందు నిలబడి, 'ఏమ్మా, ఇవాళ తాతగారిని లేపలేదా' అని అడిగారు. ఇదేనండీ తాతగారు అన్నాను. తల అడ్డంగా ఊపారు. 'ఇది ఎవరిదో. మా బండి మూడోవాడు మాట్లాడతాడు' అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని, 'మా బండి రాలేదా ఇంకా' అని నన్నూ నర్సునూ అడిగేవారు. ఇప్పుడు అదీ అడగడం లేదు.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు చేసింది ఆయన్ని నాకు మిగల్చడానికే. కానీ తల్లీ, నేను ముట్టుకోవద్దన్నది మొహమాటం కాదు. నిజంగానే వద్దన్నాను. వెనక నీకెందుకు శ్రమ అని ఇంకో ముక్క తగిలించాను, అదీ నేను చేసిన పని. మనకి వద్దు అని ఊరికే అనడం రాదు, పక్కన ఏదో ఒక మర్యాద పెట్టాలి. ఆ మర్యాదే నీకు కనిపించింది.

నీల్ ఆ రీసైక్లింగ్ దగ్గరికి వెళ్ళాడు. కొత్త కంటైనర్ ఉందట.

మీ నాన్నకి ఉత్తరం రాశాను. ఇంక దాచి ఏం చేస్తాను.

అత్తయ్య


ఫ్రైబర్గ్,
12 మే

అత్తయ్యా,

మీ ఉత్తరం అందగానే మీ ఇంటికి వచ్చి, మొన్న తిరిగి బయల్దేరినప్పుడు స్టేషన్లో మీ ముఖం చూడలేకపోయాను. అందుకే తిరిగి చూడకుండా ఎక్కేశాను. పొగరనుకోకండి.

మీరు వంటింట్లో ఉన్నప్పుడు షెడ్డులో ఏం జరిగిందో మీకు పూర్తిగా చెప్పలేదు. 'కుదరలేదు' అని మాత్రమే అన్నాను. రాస్తాను.

మూడో వాల్వు సందు మళ్ళీ పెంచాను. కావాలనే. బాగున్నదాన్ని పాడుచేయడానికి గేజ్ పెట్టి కొలుచుకున్నాను. చప్పుడు వచ్చింది. కానీ అది టకా కాదు అత్తయ్యా. టిక్ టిక్ టిక్ అని గడియారంలా, సన్నగా, కొత్త ఇనుము చప్పుడు. సందు ఇంకా పెంచాను, తగ్గించాను, నీల్ బావ చేసిన రికార్డింగ్ చెవికి పెట్టుకుని మళ్ళీ పెంచాను. రాకర్ మొన మీద ఆ గుంట లేకుండా ఆ చప్పుడు రాదు. ఆ గుంట పడటానికి ఎన్నేళ్ళు పట్టిందో మా ప్రొఫెసర్ ఫోటో చూసి చెప్పాడు. నేను వినదలచుకోలేదు.

అప్పుడు మామయ్య వచ్చారు. వాకిట్లో నడుస్తూ వచ్చారేమో. వచ్చేశారనుకున్నాను. బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకుని, మూత మీద ఆనించి, చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు తెరిచి, 'మూడో వాల్వు ట్యాపెట్ లూజుగా ఉందమ్మా. ఇది పాత చప్పుడు కాదు, కొత్తది. ఎవరో తెలియనివాళ్ళు చెయ్యి పెట్టారు' అన్నారు.

ఎవరో తెలియనివాళ్ళు. అవును మామయ్యా అన్నాను.

'గేజ్ ఇలా ఇవ్వు' అన్నారు. ఇంజన్ ఆపించి, చల్లారేదాకా నన్ను నిలబెట్టి, మూత విప్పి ఆయనే సరిచేశారు. ఆ వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. నా కంటే బాగా చేశారు. మళ్ళీ స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్. తృప్తిగా తల ఊపి, చేతులు గుడ్డకి తుడుచుకుని, 'మీ పేరేమిటమ్మా' అని అడిగారు. మనోజ్ఞ అన్నాను. 'చక్కటి పేరు. పని నేర్చుకుంటున్నారు, సంతోషం' అని వెళ్ళిపోయారు.

ఇంజన్లో ఏ చప్పుడు జబ్బో ఏది కాదో ఆయనకి ఇంకా తెలుసు. పోయింది అది కాదు.

కరపత్రాల కట్ట సంఘంలో ఇచ్చేశాను. వాళ్ళ తప్పేం లేదు. అందులో అన్ని చప్పుళ్ళ గురించీ సరిగ్గానే రాశారు. ఎవరిది, ఎవరు వింటారు అని అడగాలని రాయలేదు, అది నేను మిమ్మల్ని చూసి తెలుసుకోవాల్సింది. మీ ఉత్తరంలో అంతా ఉంది. నేనే నాకు కావలసింది చదువుకున్నాను.

క్షమించమని అడిగితే మీరు 'ఛ, అదేం మాట' అంటారు. అందుకే అడగడం లేదు.

మనోజ్ఞ


ఇంటి నుంచి,
9 జూన్

మనూ తల్లికి,

నువ్వు షెడ్డులో సంగతి రాసిన ఉత్తరం చాలాసార్లు చదివాను. ఆయన చేతులు తడబడలేదని రాశావు చూడు, అక్కడ ఆగి ఏడ్చాను. మంచి ఏడుపే.

బండిని నేను ఇప్పటికీ రోజూ స్టార్ట్ చేస్తున్నాను. ఎందుకని నీల్ అడిగాడు. ఏం చెప్పను, అలవాటు అన్నాను.

ఈ మధ్య ఆయన మళ్ళీ షెడ్డు దాకా వస్తున్నారు. గుర్తుపట్టి కాదులే, ఆశపడకు. పొద్దున ఎండలో నడుస్తూ వచ్చి, పక్కింటి బండి చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా గడప బయటే నిలబడతారు. లోపలికి రమ్మంటే గానీ రారు. నిన్న రమ్మన్నాను. వచ్చి ఇంజన్ మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నారు.

'చాలా బాగుందమ్మా మీ బండి. పాతదైనా ఒక్క తప్పుడు చప్పుడు లేదు. ఎవరు చూసుకుంటారు దీన్ని' అని అడిగారు.

మా ఆయనండీ, అన్నాను.

'శ్రద్ధ గల మనిషి. ఊళ్ళో లేరా?'

లేరండీ, అన్నాను.

'వచ్చాక చెప్పండి. ఒకసారి కలవాలి ఆయన్ని' అన్నారు.

తప్పకుండా చెబుతానండీ అన్నాను. ఇంజన్ ఆపి, ఆయనకి కాఫీ ఇవ్వబోయాను. వద్దమ్మా, మీకెందుకు శ్రమ అన్నారు. ఊరికే కప్పు చేతిలో పెట్టేద్దామనుకుని, ఆగి, నిజంగా వద్దాండీ అని అడిగాను. కాసేపు ఆలోచించి, 'ఇవ్వండి' అన్నారు.

ఆగస్టులో సెలవులకి రా. నువ్వు వద్దంటే, నిజంగా వద్దా అని అడిగే వడ్డిస్తాను.

నీ అత్త,
రాజ్యం